సగం కుర్చీ

దుకాణంలో అందరూ అతన్ని జెరాక్సు అనేవారు. పనికోసం పరాయి దేశాలకు వెళ్ళేవాళ్ళ కాగితాలు సిద్ధం చేసిపెట్టే దుకాణం అది. ఏడేళ్ళపాటు ఒక మూల మిషను పక్కన నిలబడి పాస్‌పోర్టులు, పెళ్ళి పత్రాలు, పుట్టుక పత్రాలు కాపీలు తీశాడు. కూతురు పుట్టినప్పుడు చూడటానికి వచ్చిన దుకాణం వాళ్ళు, "కాపీ బాగానే వచ్చిందయ్యా, ముక్కు దగ్గర మాత్రం కొంచెం మసకేసింది" అని నవ్వారు. అతనూ నవ్వాడు. ఎవరేమన్నా నవ్వేసే మనిషి. ఆ గుణమే తర్వాత అతని కొంప ముంచింది. ఆ సంగతికి వస్తాను.

ఆ దుకాణానికి అప్పుడప్పుడు అరబ్బీలో ఉన్న కాగితాలు వచ్చేవి. అవి చదవగలిగినవాడు ఆ ఊళ్ళో లేడు. వేరే ఊరికి పంపించాలి. అక్కడ తెలుగులోకి మారి, కింద సంతకం, ముద్ర పడి తిరిగి రావడానికి పది రోజులు పట్టేది. ఒకసారి ఒకావిడ అలాంటి కాగితం తెచ్చింది. కొడుకు పనిచేసే చోటినుంచి వచ్చిందట. "ఏం రాశారో కాస్త చూడు బాబూ" అని జెరాక్సు చేతికిచ్చింది. దాన్ని సరిగ్గా పట్టుకున్నాడో తలకిందులుగా పట్టుకున్నాడో కూడా అతనికి తెలియలేదు. కాగితం వెళ్ళింది. పది రోజులూ ఆవిడ పొద్దున్నే వచ్చి బెంచీమీద కూర్చుని, సాయంత్రం లేచి వెళ్ళింది. తీరా వచ్చాక చూస్తే అది ఆసుపత్రి కాగితం. కొడుక్కి బాగాలేదని, ఇంటివాళ్ళు వెంటనే ఫోను చెయ్యాలని, కింద నంబరుతో సహా ఉంది. ఆ నంబరుకి జెరాక్సే ఫోను చేశాడు. అవతలి మనిషి చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ గొంతు ఒక్కసారిగా తగ్గిపోవడం మాత్రం అర్థమైంది.

ఆ తర్వాత అతనికి మిషను దగ్గర నిలబడబుద్ధి కాలేదు. వారం తిరక్కుండా యజమాని ముందుకు వెళ్ళి, అరబ్బీ నేర్చుకుంటానన్నాడు.

యజమాని చెడ్డవాడేం కాదు, ముక్కుసూటి మనిషి. "నేర్చుకోవయ్యా, నేనొద్దన్నానా? కానీ ఊరికే చదవడం వస్తే చాలదు. అనువాదం కింద సంతకం పెట్టాలంటే సర్టిఫికెట్ ఉండాలి, దానికో నంబరుండాలి. నంబరు లేని కాగితం ఏ ఆఫీసులోనూ తీసుకోరు. ఏడాదిలో అది పట్టుకురా, నా పక్కన బల్ల నీది. ఏడాది దాటిందంటే ఇంకొకణ్ణి చూసుకుంటా. అప్పుడు నన్ననొద్దు."

అతని భార్య మందుల దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేసేది. డాక్టర్ల గిలుకుడు రాతంతా చదివేసేది కాబట్టి చదువంటే ఆవిడకు భయం లేదు. "ఏడాదేగా, కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. వెళ్ళి రండి. వచ్చాక ఆ బల్లమీద మీ పేరు పెట్టించాలి. జెరాక్సు అని కాదు, మీ అసలు పేరు" అంది. దాచుకున్నదంతా ఊడ్చి అతని చేతిలో పెట్టింది.

చదువుకోసం వెళ్ళిన అరబ్బు దేశంలో అతనికి మేడమీద ఒక రేకుల గది దొరికింది. పగలు పెనంలా కాలేది, చలికాలం వస్తే గోడలు చెమ్మ కక్కేవి. గదిలో అప్పటికే ఒకతను ఉన్నాడు. మన భాషవాడే, ఆరడుగుల పైమాటే, రేకుల కింద నిటారుగా నిలబడలేక మెడ పక్కకు వంచి తిరిగేవాడు. అతనూ అదే చదువుకు వచ్చాడు. రెండో రోజుకే ఇద్దరూ బావా అంటే బావా అనుకున్నారు. చుట్టరికం ఏమీ లేదు. "మా చెల్లెల్ని నీకేమన్నా ఇచ్చామా?" అని పొడుగు బావ అంటే, "ఇవ్వలేదు గనకే ఇంత సఖ్యంగా ఉన్నాం" అనేవాడు జెరాక్సు.

మొదటి మూడు నెలలు అక్షరాల క్లాసు. దానికి ఇద్దరూ వేరువేరుగానే ఫీజు కట్టారు. ఆ తర్వాతది అసలు చదువు, తొమ్మిది నెలలు, చివర పరీక్ష, పాసైతే సర్టిఫికెట్. గది అడ్వాన్సు, పుస్తకాలు, జ్వరాలు అన్నీ కలిసి చేతిలో డబ్బులు కరగదీసేశాయి. ఆ క్లాసులో చేరాల్సిన చివరి రోజున ఇద్దరి జేబులూ మంచంమీద బోర్లిస్తే తేలింది ఒక్కరి ఫీజు.

"ఒక్క కుర్చీ కొందాం బావా" అన్నాడు పొడుగు బావ, తమాషాకి. "వారానికి నాలుగు రోజుల క్లాసు. నీవి రెండు, నావి రెండు. వెళ్ళినవాడు వచ్చి వెళ్ళనివాడికి చెప్పాలి."

తమాషాకి అన్న మాటను జెరాక్సు నిజంగానే పట్టుకున్నాడు. ఇద్దరూ పరుగున బడికి వెళ్ళారు. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుపైన, రెండో అంతస్తులో ఉండేది బడి. కిటికీ వెనక గుమాస్తా పాస్‌పోర్టు అడిగాడు. బావది జేబులోనే ఉంది. జెరాక్సుది గదిలో పెట్టెలో ఉంది.

"పరుగెత్తి తెచ్చుకో బావా, నేను వరసలో నిలబడతా. నీ పేరే రాయిద్దాం, నీకక్కడ బల్ల ఎదురుచూస్తోంది" అన్నాడు బావ.

వెళ్ళి రావడానికి అరగంట. కిటికీ మూయడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. సరిపోయేది. కానీ మన మనిషి నవ్వేశాడు. "పేరుదేముంది బావా, నేర్చుకునేది బుర్ర. నీది ఇచ్చెయ్" అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా నోరు కట్టేసుకుని మెట్లు దిగి ఉంటే నేనీ కథ చెప్పేవాణ్ణే కాదు.

చదువు చెప్పే పెద్దసారుకి డెబ్భై దాటాయి. శనివారం ఆరడుగుల మనిషి కూర్చున్న కుర్చీలో ఆదివారం ఐదడుగుల మనిషి కూర్చుని అదే పేరుకి పలికితే, ఎంత చూపు తగ్గినా తెలియదా? మూడో వారం జెరాక్సును ఆగమన్నాడు. జెరాక్సు వచ్చీరాని అరబ్బీలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు. "ఆ కుర్చీకి ఫీజు కట్టారు. కుర్చీ రోజూ బడికి వస్తోంది. నాకంతే చాలు నాయనా" అన్నాడు. ఆ రోజు జెరాక్సు గాల్లో తేలుతూ గదికి వచ్చాడు. సారు మంచితనమే గదా అనుకున్నాడు. మంచితనమే. కానీ ముసలాయన ఆ రోజు చెవి మెలేసి గుమాస్తా దగ్గరికి పంపి ఉంటే బాగుండేదని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో.

గదిలో ఒక నియమం పెట్టుకున్నారు. పాఠం అప్పజెప్పేదాకా తిండి లేదు. వెళ్ళినవాడు చెబుతూ ఉల్లిపాయలు తరగాలి, వెళ్ళనివాడు వింటూ టీ కాచాలి. నిన్నటి బ్రెడ్డు సగం ధరకొచ్చేది, అదే తెచ్చేవారు. టీ పొడి రెండుసార్లు మరిగించేవారు. ఇద్దరికీ కలిపి ఒకటే నోటుబుక్కు. అరబ్బీ కుడినుంచి ఎడమకు రాయాలి కనుక వెనక అట్టనుంచి పాఠాలు మొదలుపెట్టారు. ముందు అట్టనుంచి తెలుగులో అర్థాలు. రెండూ మధ్యలో కలుసుకున్న రోజున మొత్తం రబ్బరుతో తుడిచి మళ్ళీ మొదటినుంచి రాసేవారు. తుడిచి తుడిచి కాగితాలు ఉల్లిపొరల్లా అయిపోయాయి.

రెండు నెలలకు ఆ సుఖమూ పోయింది. బావ అద్దె కోసం ఒక శీతల గిడ్డంగిలో పెట్టెలు మోసే పనికి కుదిరాడు. నాలుగు గంటల పని ఆరయింది, ఆరు పదయింది. పది గంటలు మంచులో నిలబడి వచ్చినవాడికి పాఠం చెబితే, నోట్లో బ్రెడ్డు ముక్క పెట్టుకుని అలాగే నిద్రపోయేవాడు. "నువ్వే వెళ్ళు బావా అన్ని రోజులూ. నా వంతు కూడా నీదే" అన్నాడు. జెరాక్సు పొద్దున ఒక భోజనశాలలో గిన్నెలు తోమి, మధ్యాహ్నం నాలుగు రోజులూ క్లాసుకు పోవడం మొదలుపెట్టాడు.

అక్కడినుంచి అతనికి చదువు పట్టింది. పెద్దసారు నిన్నటి పాఠం చూడకుండా చెప్పమంటే తడుముకోకుండా చెప్పేవాడు. హాజరు పిలిచినప్పుడు బావ పేరుకి "ఉన్నానండీ" అనడానికి మొదట్లో నాలుక తడబడేది. చలికాలం వచ్చేసరికి వీధిలో ఎవరో ఇంకెవర్నో ఆ పేరుతో పిలిస్తే తనే వెనక్కి తిరిగాడు. ఆ సంగతి బావకు చెబితే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఒకరోజు ఇంటికి ఫోను చేసి, "ఇవాళ ఒక కాగితం మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా చదివాను" అన్నాడు.

"అయితే పాపకు వినిపించండి" అంది భార్య.

ఐదేళ్ళ కూతురు ఫోను చెవికి పెట్టుకుంది. చేతిలో ఉన్నది గది కరెంటు బిల్లు. దాన్నే రాగం తీస్తూ, హెచ్చిస్తూ తగ్గిస్తూ, రాజుగారి కథలాగా చదివాడు. "ఇంకా, ఇంకా" అంది పాప. గడువులోగా కట్టకపోతే కనెక్షను తీసేస్తాం అన్న ముక్కతో కథ ముగించాడు. ఆ ఏడాది మొత్తంలో అతను సంతోషంగా ఉన్న రోజు అదొక్కటే.

పరీక్షకు ఆరు వారాల ముందు గుమాస్తా హాల్ టికెట్లు పంచాడు. జెరాక్సు చేతికి వచ్చినదానిమీద బావ పేరుంది, పేరు పక్కన బావ ఫోటో ఉంది. వంకర మెడతో సహా. పరీక్ష పెట్టేది ఈ బడి కాదట, పై ఆఫీసునుంచి వస్తారట. గేటు దగ్గర పాస్‌పోర్టూ, ముఖమూ చూసి లోపలికి పంపుతారట. అతను ఆ కాగితం పట్టుకుని మెట్లమీద కూర్చుండిపోయాడు. పరీక్ష కూడా క్లాసులాగే ఉంటుందని, పెద్దసారు చూసీ చూడనట్టు ఊరుకుంటాడని, చివర్లో ఎలాగో పేరు మార్పించుకోవచ్చని అనుకున్నాడు. ఇదేం తెలివి అని మీరడగొచ్చు. ఏడేళ్ళు కాగితాల దుకాణంలో పనిచేసినవాడు, పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే మనిషిని విమానం ఎక్కనివ్వరని తెలిసినవాడు, తన పేరు మొత్తానికే లేదన్న సంగతి పట్టించుకోలేదు. ఊళ్ళోవాళ్ళ కాగితాలన్నీ చూసి పెట్టినవాడు తన కాగితం చూసుకోలేదు.

పెద్దసారు అతన్ని వెంటబెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "నా క్లాసులో వీడే అందరికన్నా మేలు. వీడి పేరు చేర్చు" అన్నాడు. గుమాస్తా రిజిస్టరు తిప్పి చూపించాడు. పేర్లు చేర్చేది మొదటి నెలలోనే. మళ్ళీ పరీక్ష తొమ్మిది నెలలకు, మళ్ళీ ఫీజు. జెరాక్సు వీసా ఇంక పది వారాల్లో అయిపోతుంది. పెద్దసారు, "నేను నీకొక ఉత్తరం రాసిస్తాను నాయనా" అన్నాడు. రాసిచ్చాడు కూడా, ముత్యాల్లాంటి అక్షరాలతో, జెరాక్సు అసలు పేరుతో. దానికి ముద్ర లేదు, నంబరు లేదు.

ఆ సాయంత్రం గదిలో బావ తల బాదుకున్నాడు. "నా పాస్‌పోర్టు తీసుకుని నువ్వే వెళ్ళు బావా. మనవాళ్ళ ముఖాలన్నీ వాళ్ళకొక్కలాగే కనిపిస్తాయి."

"ముఖం సంగతి సరే. అడుగు పొడుగు ఎక్కడ తెచ్చుకోను?"

"అయితే నేనూ వెళ్ళను. ఆ పరీక్ష నాకెందుకు? నాకేం వచ్చని?"

"నువ్వు వెళ్ళకపోతే కట్టిన ఫీజు గంగలో పోసినట్టే. ఇన్ని నెలలు ఎవరికోసం తిరిగినట్టు నేను?" అన్నాడు జెరాక్సు. మొదటిసారి అతని ముఖంలో నవ్వు లేదు. "సెలవు పెట్టు. నేను చెబుతా."

బావ సెలవు పెట్టలేదు, పనే మానేశాడు. ఆరు వారాలు జెరాక్సు అతన్ని కూర్చోబెట్టి చదివించాడు. గిన్నెలు తోమి వచ్చిన చేతులతో వేలు పట్టి రాయించాడు. మరిచిపోతే కసిరాడు, గుర్తుంచుకుంటే అంతకన్నా ఎక్కువ బాధపడ్డాడు. తన దగ్గరున్నదాన్ని ముక్క ముక్కగా తీసి ఇంకొకరికి ఇస్తున్నట్టుండేది. ఇస్తే తన దగ్గర తగ్గేది కాదని తెలుసు. అయినా అలాగే ఉండేది.

పరీక్ష రోజున గేటుదాకా కలిసే వెళ్ళారు. కాపలావాడు ఫోటో చూసి, తలెత్తి బావ ముఖం చూసి, లోపలికి పొమ్మన్నాడు. జెరాక్సు ఎదుటి పేవ్‌మెంటుమీద మూడు గంటలు నిలబడ్డాడు. ప్రశ్నలు ఏమొచ్చి ఉంటాయో ఊహించుకుని జవాబులు లోలోపల చెప్పుకున్నాడు. అటుగా పోయేవాళ్ళు పెదాలు కదుపుతున్న మనిషిని చూసి తప్పుకుని నడిచారు.

బావ గట్టెక్కాడు. రెండు మార్కులు తగ్గి ఉంటే పోయేది. సర్టిఫికెట్ తెచ్చి జెరాక్సు ఒళ్ళో పెట్టి, ఆరడుగుల మనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. జెరాక్సు దాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. ఎక్కడా ఆగలేదు.

ఇంటికి తిరిగొచ్చాక యజమాని కథంతా విని ముందు పగలబడి నవ్వాడు, తర్వాత గడ్డం గోక్కున్నాడు. పెద్దసారు రాసిన ఉత్తరం అటూ ఇటూ తిప్పి తిరిగి ఇచ్చేశాడు. "బాగుందయ్యా రాత. దీనికి నంబరేదీ? చదువు నీ దగ్గరుంది, నంబరు వాడి దగ్గరుంది. వాడెక్కడ?"

బావ ఫోను నంబరు ఇచ్చింది జెరాక్సే. బావ అప్పటికి ఊరు చేరి ఖాళీగా ఉన్నాడు, గిడ్డంగి మంచుకు వేళ్ళు సరిగ్గా ముడుచుకోవడం లేదు. రెండుసార్లు రానన్నాడు. "నీ బల్ల మీద నేను కూర్చోవడమేంటి బావా, సిగ్గుండాలి" అన్నాడు. "నువ్వు రాకపోతే నేను కాపీలే తీస్తాను. నువ్వొస్తే కనీసం కాగితాలు చదువుతాను" అన్నాడు జెరాక్సు. ఆ వారమే బావ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

అప్పటినుంచీ ఏర్పాటు ఇదీ. కాగితం వస్తే జెరాక్సు చదివి, తెలుగులో రాసి, బల్లమీద పెడతాడు. బావ తనకు అందినంత చదువుకుని, కింద సంతకం చేసి, నంబరు ముద్ర వేస్తాడు. తర్వాత దాన్ని జెరాక్సే తీసుకెళ్ళి కాపీలు తీస్తాడు. బావ మొదటి నెల జీతంలో సగం తెచ్చి చేతిలో పెట్టబోతే జెరాక్సు తీసుకోలేదు. రెండో నెల తీసుకున్నాడు.

బల్లమీద బావ పేరుతో పలక కూడా పెట్టారు. ఒకరోజు భార్య పాపను తీసుకుని దుకాణానికి వచ్చింది. పలక చదివింది. ఇంటికి నడుస్తున్నప్పుడు, "మీకు కోపం రావట్లేదా?" అని అడిగింది.

"ఎవరిమీద?"

ఆవిడ ఆలోచించింది. గుమాస్తామీదా, పెద్దసారుమీదా, బావమీదా, యజమానిమీదా? ఎవరిమీదా తప్పు తేలలేదు. "ఎవరో ఒకరు చెడ్డవాళ్ళుంటే బాగుండేది" అంది. అతనికి ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు మామూలుగానే వెళ్ళాడు. అలా నాలుగేళ్ళు.

మొన్న ఒకావిడ కాగితం తెచ్చింది. దాన్ని చూడగానే జెరాక్సు గుర్తుపట్టాడు. అప్పటిలాంటి ఆసుపత్రి కాగితమే, పైన అదే గుర్తు. ఈసారి నిలబడిన చోటే చదివాడు. కింది నంబరుకి అప్పటికప్పుడు ఫోను చేశాడు. అవతలి డాక్టరుతో పది నిమిషాలు మాట్లాడాడు, ఏ కాగితంమీద ఎక్కడ సంతకం కావాలో అడిగి తెలుసుకున్నాడు, ఆవిడ చేత పెట్టించి పంపించాడు. ఆపరేషను ఆ పూటే చేస్తామన్నారు. నాలుగో రోజున ఆవిడ కొడుకుతో ఫోనులో మాట్లాడి, నేరుగా దుకాణానికి వచ్చింది. ముద్రా సంతకమూ తెలిసిన మనిషి కాదు. బల్ల దగ్గరికి పోలేదు, మిషను దగ్గరికే వచ్చి జెరాక్సు రెండు చేతులూ పట్టుకుంది.

"మావాడు అడుగుతున్నాడు బాబూ, ఎవరమ్మా చదివిపెట్టింది అని. చచ్చేదాకా గుర్తుపెట్టుకుంటానన్నాడు. నీ పేరేంటి నాయనా?"

అది ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట. అది వినడానికే ఇల్లు వదిలి వెళ్ళాడు. అతను నోరు తెరిచాడు. తొమ్మిది నెలలు హాజరుకి పలికిన నోరు, నాలుగేళ్ళుగా ప్రతి కాగితం కింద చూస్తున్న కళ్ళు. బావ పేరే బయటికి వచ్చింది.

బల్ల దగ్గర బావ తలెత్తాడు. జెరాక్సు దిద్దుకోలేదు. దిద్దుకోవాలని తోచేసరికే ఆవిడ మరిచిపోకుండా ఆ పేరు పైకి అనుకుంటూ, ఒక్కొక్క మెట్టే దిగుతోంది.

వరసలో తర్వాతి మనిషి పాస్‌పోర్టు చాచాడు. జెరాక్సు దాన్ని మిషనులో బోర్లించి, మూత వేసి, "ఎన్ని కాపీలండీ?" అని అడిగాడు.